ఆవకాయ సీసాకి బాలీ కాపలా

ఆ రోజుల్లో ఎవడి ఆస్తి ఎంతో తెలుసుకోవాలంటే ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు. విమానాల నిండా మన పిల్లలు కెనడాలో దిగుతున్న కాలం. సర్రీలో ఏ ఇంటి పక్కసందులోకి తొంగిచూసినా బేస్‌మెంట్ మెట్ల మీద నాలుగైదు జతల బూట్లు, వాటి పక్కన ఖాళీ రైస్ కుక్కర్ డబ్బా కనిపించేవి. మా బేస్‌మెంట్‌లో ముగ్గురం. ఫ్రిజ్‌లో పై అర సీనియర్‌ది, మధ్య అర గుంటూరుది, అడుగున కూరగాయల సొరుగు నాది. ఆ సొరుగులో నా స్థిరాస్తి సగం క్యాబేజీ, చరాస్తి ఒక పెరుగు డబ్బా (దాన్ని చరాస్తి అనడం ఎందుకంటే, మూత తీస్తే లోపల ఏదో కదులుతున్నట్టు ఉండేది). అంతటి ఆస్తిపరుణ్ణి నేను ప్రాణం, ఆస్తి, భద్రత అనే విషయం మీద క్లాసులో నిలబడి మాట్లాడాల్సి రావడం, అందుకోసం ఎక్కడో సముద్రం మధ్యలో ఉన్న ఊరి కట్టుబాట్లు తెచ్చి మా వంటగదిలో అమలు చేయడం, ఆ కట్టుబాట్లకి నేనే అడ్డంగా దొరకడం, ఇవన్నీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. సిగ్గుతో అని మీరు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ముందు మా ఊరివాళ్ళని పరిచయం చేయాలి. సీనియర్‌ది అనంతపురం వైపు. మాకంటే ఏడాది ముందు వచ్చాడు, పైగా వాడి దగ్గర ఒక ముసలి కారు ఉంది. సీనియారిటీకి ఈ రెండు అర్హతలు చాలు. కడుపులో పుండు ఉందని డాక్టర్ కారం మానేయమంటే పెరుగన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప తింటూ, మేము తినేవాటిని రైలు తప్పిపోయిన ప్రయాణికుడిలా చూస్తూ ఉండేవాడు. గుంటూరు నా ఈడువాడు, ఊరి పేరే వాడి పేరు, తెల్లవారుజామున వేర్‌హౌస్‌లో పనికి వెళ్ళి పది గంటలకల్లా వచ్చి పడుకునేవాడు. నేను జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చాను, ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగేవాణ్ణి. పైన మా ఇంటి ఓనర్ ఆంటీ ఉండేది. ఫిజీ నుంచి వచ్చిన మనిషి. వాళ్ళ ముత్తాతలు మన తెలుగుదేశం నుంచే చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళారట. ఇన్ని తరాల తర్వాత ఆమెకి మిగిలిన తెలుగు రెండే వాక్యాలు: "అన్నం తిన్నవా?" ఒకటి, "పో అవతలకి" రెండోది. మిగతాదంతా ఫిజీ హిందీ, ఇంగ్లీషు. ఆ రెండు వాక్యాలతోనే ఆమె మమ్మల్ని పాలించేది. వాషింగ్ మెషిన్ మా వైపు ఉండేది కాబట్టి బట్టలబుట్ట పట్టుకుని లోపలి మెట్ల మీదుగా కిందికి దిగుతూ ఉండేది.

ఇక మా ఊరి ఖజానా: గుంటూరు ఆవకాయ సీసా. వాళ్ళ నాయనమ్మ పెట్టింది. ఎవరో తెలిసినవాళ్ళ సామాన్లో, మూడు ప్లాస్టిక్ కవర్లు, ఒక పాత తువ్వాలు చుట్టుకుని, వాళ్ళ బట్టలన్నిటికీ శాశ్వతంగా నూనె వాసన పట్టించి మరీ దిగింది. మధ్య అరలో, దేవుడి పటం పెట్టినట్టు, లేబుల్ ముందుకి తిప్పి పెట్టుకునేవాడు. రోజుకి ఒక చెంచా, ఆదివారం రెండు. ఎండాకాలం దాకా రావాలని లెక్క. మాకు పెట్టడని కాదు, పెట్టేవాడు. కానీ వాడు పెట్టే పద్ధతి ఒకటుంది; చెంచా కొస మీద ఇంత తీసి, "నాయనమ్మ చేత్తో కలిపిందిరా, మెల్లగా తిను" అని మన మొహంలోకి చూస్తూ నిలబడేవాడు. అలా చూస్తుంటే మనిషి ఏం తినగలడు?

ఇలా ఉండగా నాకు కాలేజీలో ఒక అదనపు కోర్సు తీసుకోవాల్సి వచ్చింది. 'సమాజ భద్రత' అని దాని పేరు. నాకు సమాజం మీద ప్రేమ పుట్టి తీసుకోలేదు. సీనియర్ కారు నన్ను దింపే టైముకి ఉన్న క్లాసు అదొక్కటే. చెప్పే మేడమ్ పోలీసు ఉద్యోగంలో రిటైరైన మనిషి, నవ్వితే కూడా ఏదో నేరం ఒప్పుకోవాలనిపించేది. డబ్బాలో చీటీలు వేసి ఒక్కొక్కరినీ ఒకటి తీయమంది. నా చీటీలో ఉన్నది: 'బాలీ దీవిలో ఒక చిన్న సంప్రదాయ వ్యవసాయ గ్రామంలో జీవితం, ఆస్తి, భద్రత.' చదివి వినిపించాక మేడమ్ ఇంకో బాంబు వేసింది. "గూగుల్‌లో చూసి రాసుకొస్తే సున్నా. ఆ పద్ధతుల్ని మీరు ఉండేచోట నాలుగు వారాలు పాటించి, ఏం జరిగిందో చెప్పాలి." ఈ కోర్సు పోతే ఇంకో టర్మ్ చదవాలి, ఇంకో టర్మ్ అంటే స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ అప్లై చేయాలి. చీటీ పట్టుకుని నోట్లో వెలక్కాయ పడ్డట్టు నిలబడ్డాను.

అయితే నా అదృష్టం గిన్నెల తొట్టి పక్కనే ఉంది. మా రెస్టారెంట్‌లో నూడుల్స్ వేపే వంటమనిషి బాలీ దీవివాడే. వయసు యాభై దాటింది, నేను ఆయన్ని మనసులో బాలీ బాబాయ్ అని పిలుచుకునేవాణ్ణి. అడగ్గానే బాణలి దించేసి మరీ చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళకి తాళాలు వేసేవాళ్ళు కాదట. వాకిలి దాటగానే ఎదురుగా ఒక అడ్డగోడ ఉంటుందట, దయ్యాలకి మలుపు తిరగడం రాదు కాబట్టి లోపలికి రాలేవట. ("మరి దొంగలు?" అన్నాను. "దొంగలు మా చుట్టాలే, వాళ్ళకి మలుపు తెలుసు" అన్నాడు.) ఊరి నడుమ మండపంలో ఒక దుంగ వేలాడుతుంది, లోపల తొలిచి, నిలువుగా గాడి పెట్టిన దుంగ. మీటింగ్‌కి ఒక రకంగా, చావుకి ఒక రకంగా, దొంగతనానికి ఒక రకంగా కొడతారు. అది మోగిందంటే ఇంటికొక మనిషి ఎక్కడివాడు అక్కడ పని వదిలేసి రావాల్సిందే. ఊరి కాపలావాళ్ళు నడుముకి నలుపు తెలుపు గళ్ళ గుడ్డ కట్టుకుంటారు. కట్టుబాటు మీరినవాణ్ణి కొట్టరు, తిట్టరు, ఊరంతా కలిసి మాట్లాడటం మానేస్తారు. "అంతేనా?" అన్నాను తేలిగ్గా. బాలీ బాబాయ్ నా వైపు ఒక చూపు చూశాడు. "నీతో మాట్లాడేవాడు లేకపోతే నీ పొలానికి నీళ్ళు ఎవడు వదులుతాడు? నీ ఇంట్లో చావు వస్తే ఎవడు మోస్తాడు? తాళం ఇంటికి వేస్తారు బాబూ, మేము మనిషికి వేస్తాం" అన్నాడు. ఆ మాట ఎంత నచ్చిందో, తడి చేత్తోనే చెయ్యి మీద రాసుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాడు. కాలవ నీళ్ళు పంచే పెత్తనం వాళ్ళ ఊళ్ళో అన్నిటికంటే కింద ఉన్న మడివాడికి ఇస్తారట. ఎందుకంటే నీళ్ళు వాడికే ఆఖరున అందుతాయి. వాడి దాకా వచ్చాయంటే అందరికీ అందినట్టే. ఇది వినగానే నా బుర్రలో బల్బు వెలిగింది. మా బేస్‌మెంట్‌లో పొద్దున వేడినీళ్ళు ఆఖరున అందేది నాకు. అంటే ఆఖరి మడి నాది. కాబట్టి ఊరి పెత్తనం, కాపలా, న్యాయం అన్నీ నావే. ఆ సాయంత్రమే గళ్ళ లుంగీ కట్టుకుని (నలుపు తెలుపు దొరకలేదు, నీలం ఆకుపచ్చ) ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ శాస్త్రం చెప్పాను. సీనియర్ విని, "ఏమప్పా, చల్లనీళ్ళు పోసుకునేటోనికి పెత్తనమా? అట్లయితే రేపటి నుంచి నేనే ఆఖర్న పోసుకుంటా" అన్నాడు. పోసుకోలేదు. గుంటూరుకి మాత్రం ఆస్తి ఉంది కాబట్టి భద్రత అనే మాట వెంటనే ఎక్కింది. కట్టుబాట్లు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం: డప్పు మోగితే ఉన్నవాడు ఉన్నట్టు రావాలి. దొంగతనం చూసినవాడు డప్పు కొట్టకపోతే వాడే దొంగ. దొంగ అని తేలినవాడితో టర్మ్ అయ్యేదాకా మాటల్లేవు, కలిసి వంట లేదు, కారు లేదు. ఆఖరి ముక్క చేర్చింది నేనే. అప్పుడు అది చాలా గంభీరంగా అనిపించింది.

డప్పుకి మొదట స్టీలు పళ్ళెం, గరిటె వాడాం. మొదటి రిహార్సల్‌కి సీనియర్ ఒంటినిండా సబ్బుతో తువ్వాలు చుట్టుకుని వచ్చాడు, వస్తూ వస్తూ నేను దయ్యాలకి అడ్డంగా గుమ్మం ముందు పెట్టిన చెప్పుల స్టాండ్‌కి కాలివేలు కొట్టుకుని, దయ్యాలు కూడా చెవులు మూసుకునే మాటలు అన్నాడు. గుంటూరు అట్లకాడ పట్టుకుని వచ్చాడు, వెనక దోశ మాడి, స్మోక్ అలారం మొదలైంది. (మా ఇంట్లో పోపు పెట్టినప్పుడల్లా అది మోగేది. అందుకే దాన్ని ఎవరం పట్టించుకునేవాళ్ళం కాదు.) ఈ గోలకి ఆంటీ కిందికి దిగింది. కారణం వినగానే తిడుతుందనుకున్నాను. తిట్టకుండా పైకి వెళ్ళి, హాల్లో టీవీ పక్కన ఉండే చెక్కముక్క ఒకటి, రెండు కర్రలు తెచ్చి నా చేతిలో పెట్టింది. మూరెడు పొడవు, లోపల తొలిచి ఉంది, మీద గాడి. బాలీ బాబాయ్ చెప్పిన దుంగకి పిల్లలా ఉంది. "దీన్ని లాలీ అంటారు బేటా. మా చెరకు తోటకి ఏటి అవతల ఫిజీవాళ్ళ ఊరు. చర్చికి, చావుకి, తుఫానుకి వాళ్ళు పెద్దది కొట్టేవాళ్ళు. అది మోగితే మేం కూడా పరిగెత్తేవాళ్ళం. మేం దేశం వదిలి వచ్చేటప్పుడు మా ఆయనకి గుర్తుగా ఇది చేసిచ్చారు" అంది. ఆయన పోయి మూడేళ్ళు. కర్రతో ఒకసారి తట్టి చూపించింది, చిన్న చెక్కకి అంత గొంతు ఉంటుందనుకోలేదు. "ఇప్పుడు కింద ముగ్గురు మగపిల్లలున్నారు. కొడితే వస్తారు కదా?" అని నవ్వింది. వస్తామని ముగ్గురం ఛాతీ విరిచి చెప్పాం.

ఇప్పుడు మీ దగ్గర ఒక విషయం దాచి లాభం లేదు. ఆవకాయ దొంగని నేనే.

తొందరపడి తిట్టకండి, నా నిజాయితీ కూడా వినండి. రోజుకి ఒక చెంచా. ఒక్కటే. పొద్దున గుంటూరు పనికి వెళ్ళాక, సీనియర్ స్నానంలో ఉండగా, వేడన్నంలో. కాపలాదారుణ్ణి కాకముందు నుంచీ ఉన్న అలవాటే. పదవి వచ్చాక మానేద్దామనే అనుకున్నాను, కానీ పదవిలో ఉన్నవాడికి తిండి సరిగా ఉండాలి కదా. ముక్క జోలికి పోయేవాణ్ణి కాదు, గుజ్జు మాత్రమే. తర్వాత చెంచాతో పైభాగం చదును చేసి, మేస్త్రీలాగా, ఎవరూ ముట్టనట్టు సర్దేవాణ్ణి. గుంటూరు కూడా చాన్నాళ్ళు కనిపెట్టలేదు. తర్వాత ఒకరోజు సీసాకి బయట పెన్నుతో గీత గీశాడు. మూడు రోజులకి వంటగదిలో లాలీ మోగింది. పరిగెత్తాం. గుంటూరు సీసా వెలుగుకి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. "చూడండ్రా. నేను తిన్నది మూడు చెంచాలు. పోయింది పది."

నా గుండె గుభేలుమంది. దొరికిపోయానని కాదు. నేను తిన్నది మూడే. నావి మూడు, వాడివి మూడు, కలిపితే ఆరు. మిగతా నాలుగు ఎవడు తిన్నాడు? చెబితే నవ్వుతారు, నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఇంత పద్ధతిగా, యజమానికి నొప్పి తెలియకుండా నేను తీసుకుంటుంటే, మధ్యలో ఎవడో మొరటుగా చెయ్యి పెడతాడా? వాడికి ఆ ముసలమ్మ కష్టం మీద గౌరవం లేదా? గళ్ళ లుంగీ ఎగ్గట్టి, "ఈ దొంగని నేను పట్టుకుంట" అని నిండు సభలో శపథం చేశాను. నా గొంతులో ఉన్న ఆవేశం నూటికి నూరుపాళ్ళు నిజం.

శపథం చేశాక గానీ లెక్క తట్టలేదు. ఇంట్లో ముగ్గురం. గుంటూరు సొంతదారు. సీనియర్ ఆవకాయ తింటే ఆ పూటే హాస్పిటల్‌కి పోవాలి, ఆ సంగతి అందరికీ తెలుసు. మిగిలింది ఎవడు? ఆ సాయంత్రం నన్ను పనిలో దింపడానికి వెళ్తూ కారులో సీనియర్ అదే మాట అన్నాడు, నెమ్మదిగా, అద్దంలోంచి నన్ను చూస్తూ. "చూడప్పా, నేను తినలేను. వాడిది వాడే దొంగతనం చేసుకోడు. నేనేమీ అనడం లేదు. నీ లెక్క నువ్వే చూసుకో." గుంటూరు వెనక సీట్లో కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు. రోజూ దిగేటప్పుడు "మామా, జాగ్రత్త" అనేవాడు, ఆ రోజు అనలేదు. నేను వానలో నిలబడి కారు వెళ్ళిపోతుంటే చూశాను. మాట్లాడకపోవడం అంటే ఏమిటో ఆ నాలుగు క్షణాల్లో కొద్దిగా తెలిసింది. ఈ ఊళ్ళో నాకు ఉన్నది ఈ ఇద్దరే. జ్వరం వస్తే చారు కాచేది వీడు, ఇంటర్వ్యూకి చొక్కా ఇచ్చేది వాడు. నేనే రాసి ఫ్రిజ్‌కి అంటించిన కాగితం నా మెడకే చుట్టుకుంది. మర్నాడు ఈ గోలంతా బాలీ బాబాయ్‌కి చెప్పాను (నా చెంచా సంగతి తప్ప). ఆయన ఉల్లిపాయలు తరుగుతూ అన్నాడు, "మా ఊళ్ళో దుంగ కొట్టేది దొంగని పట్టుకోవడానికి అనుకున్నావా? ఎవరెవరు వచ్చారో చూసుకోవడానికి."

ఆ మాట అప్పుడు తలకెక్కలేదు. నాకు కావలసింది రెండో దొంగ. వాణ్ణి పట్టుకుంటే వాడి నాలుగు చెంచాల్లో నా మూడూ కలిసిపోతాయి, నేను కడిగిన ముత్యంలా బయటపడతాను. శుక్రవారం షిఫ్ట్ మార్పించుకుని, బయటికి వెళ్తున్నానని అందరికీ వినపడేలా చెప్పి, తలుపు గట్టిగా వేసి, చప్పుడు లేకుండా వెనక్కి వచ్చాను. మెట్ల కింద వేడినీళ్ళ ట్యాంకు ఉండే చిన్న గూడు ఉంది, అందులో దూరితే తలుపు సందులోంచి ఫ్రిజ్ కనిపిస్తుంది. గళ్ళ లుంగీ, ఒళ్ళో లాలీ, చేతిలో కర్రలు. కాపలాకి కూర్చునే ముందు బలం కోసం ఒక చెంచా ఆవకాయ నాకి (అన్నం వండుకునే టైము లేదు), ఆ చెంచాని కడగకుండానే చొక్కా జేబులో పెట్టుకున్నాను. గుంటూరు షిఫ్ట్ నుంచి వచ్చి గదిలో గురక పెడుతున్నాడు. సీనియర్ తన గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని ఆన్‌లైన్ క్లాసులో ఉన్నాడు. పదకొండు గంటలైంది.

లోపలి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఏదో భజన కూనిరాగం తీస్తూ ఆంటీ బట్టలబుట్టతో దిగింది. మెషిన్‌లో బట్టలు వేసింది, బటన్ నొక్కింది. ఇక వెళ్తుందనుకుంటే వెళ్ళలేదు. అటూ ఇటూ చూసి ఫ్రిజ్ తలుపు తీసింది. మధ్య అరలోంచి సీసా తీసింది. మూత మీద చెయ్యి వేసి, "ప్చ్" అని తల అడ్డంగా ఊపింది. స్వెట్టర్ జేబులోంచి కాగితంలో మడిచిన రొట్టె ఒకటి తీసింది. దాని మీద ఇంత గుజ్జు వేసుకుని, చుట్టి, అక్కడే నిలబడి కొరికింది. కళ్ళు మూసుకుంది. మెల్లగా నమిలింది. కళ్ళు తెరవకుండానే, నాయనమ్మని పిలిచినట్టు, "అవ్వా" అంది. ఆమె రెండు వాక్యాల్లో ఆ మాట లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆమె చెంప మీద నీళ్ళు కనిపించాయి, కారం వల్ల అయితే బావుండునని అనుకున్నాను.

నా కట్టుబాటు ప్రకారం నేను డప్పు కొట్టాలి. కొట్టకపోతే నేనే దొంగ. (కొట్టినా నేనే దొంగ అనుకోండి, అది వేరే విషయం.) కొట్టకూడదని ఆ క్షణంలో గట్టిగా నిర్ణయించుకున్నాను, నా జీవితంలో అంత మంచి నిర్ణయం అంతకుముందు తీసుకోలేదు. కానీ గంట నుంచి మడిచి కూర్చున్న కాలు తిమ్మిరెక్కి నా మాట వినే స్థితిలో లేదు. అది దానంతటదే చాచుకుంది. లాలీ ఒళ్ళోంచి దొర్లి వేడినీళ్ళ ట్యాంకుకి తగిలింది. ఆ ట్యాంకు ఎంత బోలుగా ఉంటుందో మీకు తెలియదు. ఇల్లంతా మోగింది.

మా ఊరి పౌరులు మొదటిసారి ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా వచ్చారు. గుంటూరు ఒక కన్ను మూసుకునే వచ్చాడు. సీనియర్ హెడ్‌సెట్ వైరు ఈడ్చుకుంటూ వచ్చాడు. నేను గూడులోంచి ఒంటికాలి మీద దూకాను. నడుమ ఆంటీ, ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో సగం కొరికిన రొట్టె. వెనక మెషిన్ తిరుగుతోంది. రోజూ తలెత్తుకుని "పో అవతలకి" అనే మనిషి ఒక్కసారిగా చిన్నదైపోయి, నేల వైపు చూస్తూ నిలబడింది. తన ఇల్లు, తన ఫ్రిజ్, తన బిడ్డల వయసు పిల్లల ముందు దొంగలా.

"నేనే" అన్నాను. "నేనే తీసిన మామా. రోజూ నేనే తింటున్న. ఆంటీ ఊరికే మూత పెడుతుంది."

అది నిజం. నా బతుకులో అంత నిఖార్సైన నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ నా వైపు చూశారు. ఆంటీ చేతిలో రొట్టె చూశారు. దాని మీద కారుతున్న ఎర్ర నూనె చూశారు. మళ్ళీ నా వైపు చూశారు. సీనియర్ మొహంలో ఏదో మెత్తబడింది. దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, తెలుగులో గుసగుసగా, "నువ్వు పెద్దమనిషివప్పా. నిన్ను అనుమానించినాను, తప్పైపాయ" అన్నాడు. "కాదన్నా, నిజంగ నేనే" అన్నాను. "తెలుసులే" అన్నాడు. గుంటూరు కళ్ళలో నీళ్ళు. "ఊరుకోరా మామా, ఇంక చెప్పమాక" అని నన్ను వాటేసుకున్నాడు. నేను ఎంత గట్టిగా ఒప్పుకుంటే నా గౌరవం అంత పెరుగుతోంది. మూడోసారి ఒప్పుకోబోయి ఆగిపోయాను. మనిషిని మరీ అంత ఎత్తుకి తీసుకెళ్తే దిగడం కష్టం. గుంటూరు అల్మరాలోంచి స్టీలు డబ్బా తీసి, సీసాలో సగం ఆవకాయ అందులోకి వంచి, ఆంటీకి రెండు చేతులతో ఇచ్చాడు. నాయనమ్మ చేత్తో కలిపిందని గానీ, మెల్లగా తినమని గానీ అనలేదు. ఆంటీ డబ్బా తీసుకుని వాడి తల నిమిరి, చాలాసేపు వెతుక్కుని, తనకి వచ్చిన రెండింట్లో ఒకటి అంది. "అన్నం తిన్నవా?"

క్లాసులో ప్రెజెంటేషన్ బాగా జరిగింది. దొంగని ఏం చేశారని మేడమ్ అడిగితే, కాపలాదారు రాజీనామా చేశాడని చెప్పాను. నా వైపు పోలీసు నవ్వు ఒకటి నవ్వి మంచి మార్కులే వేసింది. బాలీ బాబాయ్ మాత్రం కథంతా విని, ఊరికి శుద్ధి జరగాలి, తప్పు చేసినవాళ్ళు అందరికీ భోజనం పెట్టాలి అని తీర్పు చెప్పాడు. ఆ మాట ఆంటీకి చేరవేశాను. ఆ ఆదివారం మధ్యాహ్నం అందరం పైన తిన్నాం: ఆంటీ రొట్టెలు, చేపల కూర, సీనియర్‌కి వేరే గిన్నెలో కారం లేని పప్పు, నడుమ ఆవకాయ. తిన్నాక గిన్నెలు కడగడం నా వంతు, వృత్తి కదా. ఆంటీ పక్కన నిలబడి తుడుస్తోంది. వాళ్ళిద్దరూ హాల్లో టీవీ చూస్తున్నారు. ఉన్నట్టుండి తన హిందీలో మెల్లగా అంది. "బేటా, నువ్వు మూత ఎప్పుడూ వదులుగా పెడతావు."

నా చేతిలో పళ్ళెం జారి నీళ్ళలో పడింది.

"గాలి పోతే బూజు పడుతుంది. పైగా లేబుల్ గోడవైపు తిప్పేస్తావు. ఆ అబ్బాయి ఎప్పుడూ ముందుకి పెట్టుకుంటాడు. అంచు మీద నూనె కూడా తుడవవు. రోజూ నేనే తుడిచి, బిగించి, తిప్పి పెట్టేదాన్ని. లేకపోతే నువ్వు మొదటి వారమే దొరికేవాడివి." తుడిచిన గిన్నె అల్మరాలో పెట్టి, నా చొక్కా జేబు వైపు చూపించింది. శుక్రవారం నాటి చెంచా మరక అక్కడ అలాగే ఉంది, ఎర్రగా, చెంచా ఆకారంలో. "ఆ రోజు నువ్వు నిజమే చెప్పావని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు" అంది. నేను మేస్త్రీ పనితనం అనుకుని మురిసిపోయిందంతా ఆమె చేతిపని. నెలల తరబడి ఒక దొంగకి ఇంకో దొంగ కాపలా కాసింది, మొదటి దొంగనైన నేనేమో గళ్ళ లుంగీ కట్టుకుని ఆమెని పట్టుకోవడానికి ట్యాంకు పక్కన కూర్చున్నాను. "పో అవతలకి" అని నన్ను పక్కకి నెట్టి, జారిపోయిన పళ్ళెం తనే తీసి కడిగింది.

ఇప్పుడు నేను కెనడాలోనే తూర్పువైపు, మిల్టన్‌లో ఉంటున్నాను. టౌన్‌హౌస్ ఉంది, దానికో బేస్‌మెంట్ ఉంది, అందులో ఇద్దరు స్టూడెంట్ పిల్లలున్నారు, నన్ను అంకుల్ అంటారు (జుట్టు చూసి అంటున్నారు, క్షమించాను). ఆంటీ రెండేళ్ళ కిందట పోయింది. లాలీ నాకు ఇమ్మని చెప్పిందట, వాళ్ళమ్మాయి పార్సిల్ పంపింది. అది మా హాల్లో టీవీ పక్కన ఉంది. గుంటూరు ఏటా ఎండాకాలంలో ఒక ఆవకాయ సీసా పంపుతాడు, "ఆంటీ కోసం నింద మీదేసుకున్న మహానుభావుడికి" అని చీటీ పెట్టి. ఒరేయ్ మామా, ఇది చదువుతుంటే విను: అప్పుడు రెండుసార్లు చెప్పాను, నువ్వే వినలేదు. కావాలంటే టర్మ్ అయ్యేదాకా మాట్లాడకు. సీసా పంపడం మాత్రం మానకు.

ఆ సీసాని నేను పైన పెట్టను. కింద, మెషిన్ పక్కన ఉన్న రెండో ఫ్రిజ్‌లో, లేబుల్ ముందుకి తిప్పి పెడతాను. మొన్న బట్టలు వేయడానికి దిగి, ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే లేబుల్ గోడవైపు తిరిగి ఉంది. మూత వదులుగా ఉంది. పైన ఎవరో చెంచాతో చదును చేశారు, పని ఏమంత బాగా రాలేదు. అంచు తుడిచి, మూత బిగించి, లేబుల్ ముందుకి తిప్పి, చప్పుడు లేకుండా మెట్లెక్కి పైకి వచ్చేశాను.